బిల్లు కట్టాక మీరు ఎవరి బాధ్యత? కౌంటర్ అవతలి వైపు నుంచి ఒక జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఫుడ్ కోర్టులో ఒక స్టాల్ దగ్గర ఆర్డర్ ఇచ్చారు. చాలాసేపు నిలబెట్టారు. మీ తర్వాత వచ్చినవాళ్ల టోకెన్లు ముందు పిలిచారు. చివరికి చేతికొచ్చింది మీరు చెప్పింది కాదు. ఇదేంటని అడిగితే బిల్లు కొట్టిన అమ్మాయి తల కూడా ఎత్తకుండా "కిచెన్ వాళ్లని అడగండి" అంది. డబ్బులు వెనక్కి ఇమ్మంటే "కుదరదు" అన్నారు. పోనీ కూర్చుని తిందామంటే బల్ల మీద ఎవరో తిని వదిలేసిన ప్లేట్లు. "వీళ్లకి మర్యాద ఎవరూ నేర్పరా? ఇలాంటప్పుడు నేనేం చేయాలి?" అన్నారు.

నేను ఇలాంటి కౌంటర్ల వెనక బిల్లులు కొట్టాను, షిఫ్టులు నడిపాను. తర్వాత ఫుడ్ కోర్టు నిర్వహణ వైపు వెళ్లి, స్టాళ్ల మీద వచ్చే ఫిర్యాదులు చూసే పని చేశాను. అందుకని రెండు వైపుల సంగతీ చెప్తాను. మీకు జరిగింది తప్పే, అందులో అనుమానం లేదు. కాకపోతే మీకు ఎదురుగా కనిపించిన మనిషి చాలావరకు ఆ తప్పుకి చివరి కొస మాత్రమే. అసలు తీగ ఎక్కడుందో తెలిస్తే ఎవరిని, ఎప్పుడు, ఏమని అడగాలో తెలుస్తుంది.

హోటల్లో బల్ల దగ్గరకొచ్చి వడ్డించే చోట మీకంటూ ఒక వెయిటర్ ఉంటాడు. ఆలస్యమైనా, ఉప్పెక్కువైనా, నీళ్లు కావాలన్నా అతన్నే పిలుస్తారు. కిచెన్‌తో గొడవపడేది కూడా మీ తరఫున అతనే. కౌంటర్ సర్వీసులో ఆ మనిషి ఉండడు. ఆర్డర్ రాసుకునేది ఒకరు, చేసేది ఇంకొకరు, టోకెన్ పిలిచి చేతికిచ్చేది మరొకరు. బిల్లు ప్రింట్ అయిన క్షణంలో మొదటి మనిషి పని అయిపోయింది. వస్తువు తయారై పళ్లెంలోకి వచ్చేదాకా మూడో మనిషికి మీరెవరో తెలియదు. ఈ మధ్యలో ఉన్న పది పదిహేను నిమిషాలు మీరు ఎవరి బాధ్యతా కాదు. సర్వీసు బాగాలేదని జనం చెప్పే కథల్లో ఎక్కువ భాగం ఈ ఖాళీలోనే జరుగుతాయి. "కిచెన్ వాళ్లని అడగండి" అన్న అమ్మాయి పొగరుతోనే అందని చెప్పలేం. బిల్లు కొట్టాక ఆ ఆర్డర్ ఏమైందో చూసే తెర ఆమె ముందు ఉండకపోవచ్చు. అయినా తల ఎత్తి ఆ మాట అనాల్సింది, అది వేరే సంగతి.

ఇక ఆలస్యం. దీని గురించి కస్టమర్లకే కాదు, చాలామంది ఓనర్లకి కూడా లెక్క తెలియదు. ఒక్క కౌంటర్ ఉంది, ఒక్కొక్కరికి సగటున రెండు నిమిషాలు పడుతుంది అనుకుందాం. అంటే గంటకి 30 మందిని పంపగలదు. గంటకి 24 మంది వస్తున్నారు. ఇంకా ఆరుగురికి వీలుంది కదా, లైనెందుకు ఉంటుంది అనిపిస్తుంది. కానీ జనం గడియారం చూసుకుని రెండున్నర నిమిషాలకి ఒకరు చొప్పున రారు. ఒకసారి ఐదుగురు కలిసొస్తారు, ఒకసారి ఎవరూ రారు. ఒకరు "ఎప్పుడూ తీసుకునేదే" అని పది సెకన్లలో చెప్పేస్తారు, ఇంకొకరు మెనూ మొత్తం చదివి, ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి కనుక్కుని చెప్తారు. ఈ ఎగుడుదిగుడులు కలిస్తే, క్యూల లెక్కలో అందరికంటే మొదట నేర్పే సూత్రం ప్రకారం, సగటున 8 నిమిషాలు లైన్లో ఆగాలి. వచ్చేవాళ్లు 27 మంది అయితే 18 నిమిషాలు. 28 అయితే 28 నిమిషాలు. 29 అయితే 58. నిజం రష్‌లో అంతదాకా పోదు. ఎందుకంటే రష్ గంటా గంటన్నరలో తగ్గిపోతుంది, లైన్ చూసి కొందరు పక్క స్టాల్‌కి వెళ్లిపోతారు. కానీ విషయం అర్థమైంది కదా: ముగ్గురు పెరిగితే ఆగే సమయం రెట్టింపు దాటింది. ఈ రకం లెక్కలకి పునాది వేసింది ఎర్లాంగ్ అనే డెన్మార్క్ ఆయన, 1909లో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం. వందేళ్లు దాటినా ఈ లెక్క షిఫ్ట్ రోస్టర్ (ఏ గంటకి ఎంతమంది పనిలో ఉండాలో రాసే పట్టిక) వేసే చాలామంది దాకా చేరలేదు.

రోస్టర్ ఎలా వేస్తారో చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. పోయిన వారం ఇదే రోజున, ఇదే గంటలో ఎంత అమ్మకం జరిగిందో చూస్తారు. దానికి ఇంత మంది చాలు అనుకుంటారు. మధ్యాహ్నం మూడింటికి ఓనర్ వచ్చినప్పుడు ఒకడు ఖాళీగా నిలబడి కనిపిస్తే వాడికిచ్చే జీతం దండగ అనిపిస్తుంది. అదే ఓనర్ ఒంటిగంటకి వస్తే ఇంకొకడు ఉంటే బాగుండు అనిపించేది, కానీ ఒంటిగంటకి రాడు, ఆ టైమ్‌లో వస్తే కాళ్లకి అడ్డం. అందరినీ పూర్తిగా వాడేయాలని నూటికి తొంభై ఐదు వంతులు బిజీగా ఉండేలా మనుషుల్ని పెడితే లైన్ పేలిపోవడం ఖాయం. ఎవరో ఒకరు కాసేపు ఖాళీగా కనిపించే చోటే సర్వీసు బాగుంటుంది.

పైగా ఇప్పుడు మీకు కనిపించే లైన్ అసలు లైన్ కాదు. మీ ముందు నలుగురే ఉన్నారు. కానీ కౌంటర్ పక్కన డెలివరీ యాప్ ట్యాబ్లెట్ ఒకటి, ఒక్కోసారి రెండు మూడు, టింగు టింగుమంటూ ఉంటాయి. గోడ పక్కన కియోస్క్ (కస్టమరే ఆర్డర్ కొట్టుకునే మెషీన్) ఉంటే అందులోంచి ఇంకొన్ని. ఇవన్నీ కలిసి కిచెన్ తెర మీద ఒకే వరసలో పడతాయి. నలుగురి వెనక నిలబడ్డాననుకున్న మనిషి నిజానికి పదిహేను టికెట్ల వెనక, అంటే కిచెన్‌కి వెళ్లిన పదిహేను ఆర్డర్ల వెనక ఉన్నాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. డెలివరీ ఆర్డర్ ఆలస్యమైతే యాప్‌లో రేటింగ్ పడిపోతుంది, ఎదురుగా నిలబడ్డవాడు ఆలస్యమైతే వాడు మహా అయితే మొహం మాడ్చుకుంటాడు. ఈ రెండిట్లో దేనికి భయపడతారో మీరే ఊహించుకోండి.

61 టోకెన్ కంటే ముందు 64 ఎందుకు పిలిచారు అన్నదానికి కూడా చాలాసార్లు సమాధానం అమాయకమైనదే. 64 ఆయన తీసుకుంది సిద్ధంగా ఉన్న చల్లటి డ్రింకు. మీరు తీసుకుంది స్టవ్ మీద చేయాల్సింది. రెండూ వేరు వేరు చేతుల్లో, వేరు వేరు చోట్ల తయారవుతాయి. ఇందులో పక్షపాతం లేదు. కానీ పక్షపాతంలా కనిపిస్తుంది, అక్కడే మండుతుంది. కారణం తెలియని ఆలస్యం, ఎంతసేపో తెలియని ఆలస్యం, అన్యాయం అనిపించే ఆలస్యం ఉన్నదానికంటే పొడుగ్గా అనిపిస్తాయని డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లోనే రాశాడు. "మీది వేడిగా చేయాలి సార్, ఇంకో ఆరు నిమిషాలు" అన్న ఒక్క వాక్యం ఆ మూడింటినీ తీసేస్తుంది. ఖర్చు కూడా ఏమీ లేదు. కానీ ఆ వాక్యం చెప్పడం ఎవరి పనీ కాదు, అదీ గొడవ.

ఇంకో సంగతి ఉంది, ఇది బయటివాళ్లకి తెలియదు. కిచెన్ తెర మీద ప్రతి టికెట్‌కీ ఒక టైమర్ నడుస్తుంటుంది. నిర్ణీత సమయం దాటితే టికెట్ పసుపు, ఆపైన ఎరుపు అవుతుంది. నెలాఖరులో ఆ సగటు చూసి మేనేజర్‌ని నిలదీస్తారు. దీంతో కొన్నిచోట్ల ఏం చేస్తారంటే, వస్తువు ఇంకా తయారవకుండానే "అయిపోయింది" అని బటన్ నొక్కేస్తారు. టికెట్ తెర మీంచి మాయం. రిపోర్టులో సగటు బ్రహ్మాండంగా ఉంటుంది. రష్‌లో చేసేవాడి బుర్రలో ఆ టికెట్ గుర్తుంటే మీ అదృష్టం, లేకపోతే మీ ఆర్డర్ ఈ లోకంలో లేనట్టే. మీరు ఇరవై నిమిషాలు నిలబడి అడిగినప్పుడు వాళ్లు తెల్లమొహం వేసింది నటన కాకపోవచ్చు.

దేన్ని కొలుస్తారో అదే చేస్తారు. సెకన్లు కొలుస్తారు. "ఇంకేమైనా కావాలా, పెద్ద సైజ్ ఇమ్మంటారా" అని అడిగారా లేదా అని కూడా కొలుస్తారు, మారువేషంలో కస్టమర్లని పంపించి మరీ. మీ మొహం చూసి మాట్లాడారా అన్నదాన్ని అంతగా పట్టించుకోరు. అందుకే చిలకపలుకుల్లా ఆ రెండు వాక్యాలు మాత్రం అప్పజెప్పి, మీరు వేరే ఏదైనా అడిగితే విసుక్కుంటారు. ఈ పనిలో మనుషులు నిలవరు కూడా. పోయిన నెల చేరినవాడు ఈ నెల చేరినవాడికి పని నేర్పుతుంటాడు. నేర్పేది మెషీన్ ఎలా వాడాలో, నేల ఎప్పుడు తుడవాలో. కోపంగా ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో నేర్పే తీరిక ఎవరికీ లేదు, చాలాచోట్ల నేర్పేవాడికే రాదు.

ఇంత చెప్పానని వాళ్లందరినీ వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. కొన్ని తప్పులకి ఏ రోస్టరూ కారణం కాదు. కస్టమర్ ఎదురుగా నిలబడితే ఫోన్ చూసుకోవడం, పక్కవాళ్లతో కబుర్లాడుతూ చెయ్యి మాత్రం చాపడం, టికెట్ మొదలే పెట్టకుండా "వచ్చేస్తోంది సార్" అని అబద్ధం చెప్పడం, తప్పు ఐటమ్ ఇచ్చి "మీరు ఇదే చెప్పారు" అని వాదనకి దిగడం. నా షిఫ్టులో ఆఖరి రెండూ చేసినవాళ్లని నేను కౌంటర్ మీద ఉంచేవాణ్ని కాదు. నెమ్మదిగా చేసేవాడికి వేగం నేర్పొచ్చు, అబద్ధమాడేవాడికి ఏం నేర్పుతాం? ఇక రష్ టైమ్‌లో వెనక గదిలో కూర్చుని స్టాక్ లెక్కలు రాసుకునే మేనేజర్ ఉన్నాడే, అందరికంటే పెద్ద నేరస్తుడు అతనే. పంతొమ్మిదేళ్ల పిల్లని ముందు నిలబెట్టి తిట్లన్నీ ఆమెకి వదిలేస్తాడు.

మీకు రీఫండ్ ఇవ్వలేదన్నారు కదా, అక్కడ జరిగేది చెప్తాను. బిల్లింగ్ మెషీన్‌లో బిల్లు పూర్తికాకముందు ఒక ఐటమ్ తీసేయడం బిల్లు కొట్టే మనిషి చేయగలదు. డబ్బు కట్టి బిల్లు మూసేశాక దాన్ని రద్దు చేయాలంటే చాలాచోట్ల మేనేజర్ పిన్ నంబర్ కొట్టాలి, లేదా అతని కార్డు గీయాలి. దొంగతనాలు జరక్కుండా పెట్టుకున్న ఏర్పాటు ఇది. లేకపోతే కస్టమర్ వెళ్లాక బిల్లు రద్దు చేసి డబ్బు జేబులో వేసుకోవచ్చు. కాబట్టి మీరు "డబ్బులిచ్చెయ్" అని అడిగినప్పుడు ఆమె చేతిలో ఆ మీటే లేదు. "నాకు వీలు కాదండి, మేనేజర్‌ని పిలుస్తాను" అనాలి. ఆమె నేర్చుకున్న మాట "కుదరదు". అదే తప్పు వస్తువు మార్చి మళ్లీ చేసివ్వడానికి పిన్ అక్కర్లేదు, కిచెన్‌కి ఒక కేక వేస్తే చాలు. కాబట్టి మీకు కావలసింది మార్పిడి అయితే కౌంటర్‌లోనే అడగండి. డబ్బే కావాలంటే కౌంటర్‌తో వాదించి గొంతు పోగొట్టుకోకుండా "షిఫ్ట్ మేనేజర్ ఎవరండీ, ఒకసారి పిలుస్తారా?" అనండి. ప్రతి షిఫ్టుకీ ఒకరు ఉంటారు. చూడ్డానికి కుర్రాడిలా ఉన్నా, చొక్కా రంగో బ్యాడ్జీయో వేరుగా ఉంటుంది. కార్డుతో కట్టి ఉంటే రీఫండ్ ఆ కార్డుకే వెళ్తుంది, కొన్ని రోజులు పట్టొచ్చు. రీఫండ్ స్లిప్ చేతిలో లేకుండా కదలకండి.

ఫుడ్ కోర్టుకి ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. ఆ బల్లలు స్టాల్‌వాళ్లవి కావు. కూర్చునే చోటు, బల్లలు తుడవడం, చెత్త తీయడం, చేతులు కడుక్కునే చోటు అన్నీ బిల్డింగ్ నిర్వాహకుల చేతిలో ఉంటాయి. వాళ్లు దాన్ని మళ్లీ క్లీనింగ్ కాంట్రాక్టర్‌కి ఇస్తారు. మీరు స్టాల్ దగ్గరికెళ్లి "బల్ల తుడవరా?" అంటే వాళ్లు వెర్రిచూపు చూస్తారు. క్లీనింగ్ కుర్రాడిని "నా ఆర్డర్ ఏమైంది?" అంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, అందరి తప్పూ కలిసి మీ నెత్తిన పడుతుంది, అడుగుదామంటే ఎవరి వాటా వాళ్లదే.

దీని వెనక వ్యాపారం కూడా చూడండి. వీధిలో ఉన్న చిన్న తిండి దుకాణానికి మీరు మళ్లీ రావడం కావాలి. ఫుడ్ కోర్టుకి జనం స్టాల్ కోసం రారు. సినిమాకో, షాపింగ్‌కో, విమానం ఎక్కడానికో వచ్చి ఆకలేసి తింటారు. మీరు అలిగి వెళ్లిపోయినా మీ వెనక ఇంకొకరు ఉంటారు. ఎయిర్‌పోర్టుల్లో ఇది మరీ ఎక్కువ, మీరు మళ్లీ ఎప్పుడొస్తారో మీకే తెలియదు. ఆఫీసు క్యాంటీన్ చూడండి, అక్కడ అదే మొహాలు రోజూ వస్తాయి, పైగా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది ఆ మొహాలే తేలుస్తాయి. మాట తీరు దానంతటదే మారిపోతుంది. మరి ఫుడ్ కోర్టు స్టాల్ ఎవరికి భయపడుతుంది? లీజు ఇచ్చిన నిర్వాహకులకి. సాధారణంగా స్టాళ్లు అద్దెతో పాటు అమ్మకాల్లో వాటా కూడా కడతాయి. వాళ్ల గడువు పొడిగించాలా అన్నప్పుడు ఫిర్యాదుల ఫైలు బల్ల మీదికొస్తుంది. నేను ఆ బల్లకి అటువైపు కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను: స్టాల్ దగ్గర అరిచిన వందమంది కంటే నిర్వాహకులకి తేదీ, సమయం, బిల్లు నంబర్ వేసి మెయిల్ రాసిన నలుగురు ఎక్కువ పని చేయించగలరు.

ఇక ముందుజాగ్రత్తలు. ఇవి చిన్నవే కానీ బాగా పనిచేస్తాయి. తప్పు ఆర్డర్లలో చాలావాటికి మూలం వంట దగ్గర ఉండదు, బిల్లు కొట్టే దగ్గరే ఉంటుంది. చుట్టూ రొద, మీరు ఒకటి చెప్తారు, ఆమె ఇంకొకటి నొక్కుతుంది. కౌంటర్ వదలకముందు బిల్లు చదవండి. ముఖ్యంగా "అది వేయొద్దు, కారం తగ్గించండి" లాంటివి చెప్తే అవి ఐటమ్ కింద చిన్న అక్షరాల్లో పడ్డాయో లేదో చూడండి. పడకపోతే కిచెన్‌కి ఆ సంగతి తెలియదు. ఆమె నోటితో "సరే" అన్నది లోపలికి వెళ్లదు, నొక్కింది మాత్రమే వెళ్తుంది. డబ్బు కట్టకముందే "ఎంతసేపు పడుతుంది?" అని అడగండి. చెప్పిన సమయానికి విలువ ఉన్నా లేకపోయినా, తర్వాత అడగడానికి మీకో ఆధారం దొరుకుతుంది.

ఆలస్యమైతే బిల్లు కొట్టే చోటికి కాకుండా టోకెన్లు పిలిచే చోటికి వెళ్లండి. బిల్లు మీద టైమ్ ఉంటుంది, అది చూపించి "61, ఒంటిగంటా పన్నెండుకి బిల్లయింది. టికెట్ తెర మీద ఉందా, ఒకసారి చూస్తారా?" అనండి. ఈ ప్రశ్న "ఇంకెంతసేపు?" లాంటిది కాదు. "ఇంకెంతసేపు?" అంటే "ఐదు నిమిషాలు" అనే సమాధానం నోట్లో రెడీగా ఉంటుంది. తెర మీద ఉందా అంటే తిరిగి చూడాల్సిందే. లేదని తేలితే అప్పుడే మళ్లీ కొట్టిస్తారు, మీరు ఇంకో పదిహేను నిమిషాలు దండగ్గా నిలబడక్కర్లేదు. తప్పు ఐటమ్ వస్తే ముట్టుకోకుండా తిరిగివ్వండి. సగం తిని "ఇది కాదు" అంటే న్యాయం మీదే అయినా వాదన బలహీనపడుతుంది.

గొంతు పెంచొద్దు అని నేను చెప్పేది మర్యాద కోసం మాత్రమే కాదు. మీరు అరిచిన క్షణం నుంచి కౌంటర్‌లో ఇద్దరికి మిమ్మల్ని శాంతింపజేయడమే పని, మీ ప్లేటు సంగతి ఎవరికీ పట్టదు. ఫోన్ తీసి ఆ అమ్మాయి మొహం వీడియో తీయడం ఇంకా ఘోరం. తప్పు చేసిన వ్యవస్థ ఆ వీడియోలో ఉండదు, జీతం తక్కువ ఉన్న మనిషి ఒక్కతే ఉంటుంది.

కొన్ని చోట్ల మాత్రం సర్దుకుపోవద్దు. వేడిగా ఉండాల్సింది గోరువెచ్చగా వస్తే అది రుచి సమస్య మాత్రమే కాదు. వండినదాన్ని వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లటివాటిని 5 డిగ్రీల లోపు ఉంచాలని, వండినది గది వేడిమిలో రెండు గంటలు దాటి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. "వేడిచేసి ఇవ్వండి" అనేకంటే "కొత్తది చేసి ఇవ్వండి" అనండి, అది ఎంతసేపట్నుంచి బయట ఉందో మీకు తెలియదు కదా. అలర్జీ ఉన్నవాళ్లు బిల్లు కొట్టే మనిషి తడుముకోకుండా "అది ఉండదు సార్" అంటే నమ్మొద్దు. ఆమె వండదు. ప్యాకెట్ మీద లేబుల్ చూపించమనండి, లేదా చేసేవాళ్లనే అడగండి. ఒకే నూనెలో అన్నీ వేయిస్తున్నారా, ఒకే గరిటె వాడుతున్నారా అని కూడా అడగండి. తెలియదంటే అక్కడ తినకండి, అంతే. చేతి గ్లవ్స్ చూసి మోసపోవద్దు కూడా. అవే గ్లవ్స్‌తో నోట్లు తీసుకుని, అవే గ్లవ్స్‌తో తిండి అందించడం నేను చాలా చోట్ల చూశాను. కడిగిన ఉత్త చెయ్యి దానికంటే వెయ్యి రెట్లు నయం. ఇలాంటివి కనిపిస్తే ఫిర్యాదు చేయడానికి మొహమాటపడకండి.

స్టాల్ నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకీ కొంచెం. రష్ ఉన్న గంటన్నర ఒక మనిషిని టోకెన్లు ఇచ్చే చోట మాత్రమే నిలబెట్టండి. వండొద్దు, బిల్లు కొట్టొద్దు. బిల్లుతో ప్లేటు సరిచూడటం, ఆలస్యమైనవాళ్లకి ముందే చెప్పడం, అంతే అతని పని. నేను చూసినంతలో ఇంతకంటే చవగ్గా ఇంత తేడా తెచ్చే మార్పు లేదు. రెండు బిల్లింగ్ కౌంటర్లు ఉంటే రెండు లైన్లు పెట్టకండి, ఒకే లైన్ పెట్టి ఖాళీ అయిన కౌంటర్‌కి పంపండి. "పక్క లైన్ ముందు కదిలింది" అనే ఏడుపు ఉండదు. కిచెన్ మునిగిపోతున్నప్పుడు డెలివరీ ట్యాబ్లెట్‌ని ఇరవై నిమిషాలు ఆపేసే ధైర్యం మేనేజర్‌కి ఇవ్వండి. కౌంటర్ మీది మనిషికి ఎవరినీ అడగకుండా ఐటమ్ మార్చే అధికారం, ఒక చిన్న మొత్తం వరకు డబ్బు వెనక్కిచ్చే అధికారం ఇవ్వండి. దుర్వినియోగం అవుతుందని భయమైతే రోజు చివర లెక్క చూసుకోండి. తప్పు జరిగాక చక్కగా సరిదిద్దితే కస్టమర్ మామూలు కంటే ఎక్కువ సంతోషపడతాడని ట్రైనింగుల్లో చెప్తుంటారు. చిన్న తప్పుకి, అదీ మొదటిసారికి, అది నిజం కావచ్చు. రెండోసారికి ఎవరూ సంతోషపడరు. "మంచి యాటిట్యూడ్ ఉన్నవాళ్లనే తీసుకుంటాం" అనే ఓనర్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. తిండి తినడానికి కూడా బ్రేక్ ఇవ్వకుండా ఎనిమిది గంటలు నిలబెడితే ఎంత మంచి యాటిట్యూడైనా నాలుగో గంటకి ఆవిరైపోతుంది. బ్రేకులు రష్‌కి ముందే ఇచ్చేయండి.

రివ్యూ రాయాలా అంటే, రాయండి. "చెత్త సర్వీసు, ఎవరూ వెళ్లొద్దు" అని రాస్తే మీ కోపం తీరుతుంది గానీ ఓనర్‌కి అందులో చేయడానికి ఏమీ దొరకదు. ఏ రోజు, ఏ టైమ్, ఏం ఆర్డర్, ఎంతసేపు, ఏమన్నారు అని రాస్తే అతను ఆ రోజు రోస్టర్ తీసి చూడగలడు. బ్యాడ్జీ మీద పేరు చదివి తిట్టొద్దు. బాగా చేసినవాళ్ల పేరు మాత్రం తప్పకుండా రాయండి, ఈ పనిలో ఆ మాట పైదాకా వెళ్లే దారి అదొక్కటే.

మీ విషయానికొస్తే, బిల్లు ఇంకా దగ్గరుందనే అనుకుంటున్నాను. దాని ఫొటోతో ఫుడ్ కోర్టు నిర్వాహకులకి ఇవాళే మెయిల్ రాయండి. ఆలస్యం చేస్తే కెమెరా రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. మూడు విషయాలూ ఒకే పేరాలో కలిపేయకండి. తప్పు ఐటమ్‌కి రీఫండ్ అడిగేది విడిగా, బల్లల సంగతి విడిగా, కౌంటర్‌లో మాట్లాడిన తీరు విడిగా రాయండి. ఎందుకంటే అవి వెళ్లేది ముగ్గురు వేరు వేరు మనుషుల దగ్గరికి. వారంలో జవాబు రాకపోతే అదే మెయిల్‌కి కింద ఇంకో లైను రాసి, ఈసారి స్టాల్ బ్రాండ్ కస్టమర్ కేర్‌ని కూడా కాపీలో పెట్టండి.